కాలేజీ ఇచ్చిన ఏఐ టూల్‌లో రీసెర్చ్ డేటా భద్రంగా వాడుకోవడం ఎలా?

చెన్నైలో సోషల్ వర్క్ పీజీ చేస్తున్న తెలుగు అమ్మాయి ఒకరు ప్రాజెక్టు కోసం నగరంలోని తెలుగు పారిశుధ్య కార్మికులను ఇంటర్వ్యూ చేశారనుకోండి. ఎవరికి ఏ జబ్బు ఉంది, ఎవరు ఎంత వడ్డీకి అప్పు తెచ్చారు, ఏ సూపర్‌వైజర్ ఎలా మాట్లాడతాడు, అన్నీ అందులో ఉంటాయి. ఫోన్‌లో ఉన్న ఉచిత చాట్‌బాట్‌లో అదంతా పేస్ట్ చేస్తే సారాంశం నిమిషాల్లో వచ్చేస్తుంది. కానీ వాళ్లు ఆ అమ్మాయిని నమ్మి చెప్పారు. ఆ నమ్మకాన్ని తీసుకెళ్లి ఎవరో కంపెనీ చేతిలో పెట్టే హక్కు మనకు లేదు.

యూనివర్సిటీలు తమ వాళ్ల కోసం విడిగా ఏఐ టూల్స్ తెచ్చుకోవడానికి ఇదొక పెద్ద కారణం. మిషిగన్ యూనివర్సిటీ 2023 ఆగస్టులోనే యూ-ఎం జీపీటీ మొదలుపెట్టింది. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ట్రైటన్‌జీపీటీని తమ సూపర్‌కంప్యూటర్ సెంటర్‌లోనే నడుపుతోంది. విద్యాసంస్థల కోసమని ఓపెన్‌ఏఐ 2024 మేలో చాట్‌జీపీటీ ఎడ్యు తెచ్చింది. మన దగ్గర గూగుల్, మైక్రోసాఫ్ట్ మెయిల్ ఇచ్చే కాలేజీల్లో, అడ్మిన్ ఆన్ చేసి ఉంటే, ఆ మెయిల్‌తోనే జెమిని, కోపైలట్ తెరుచుకుంటాయి.

1. ఏ అకౌంట్‌లో ఉన్నారో చూసుకోండి

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. సొంత జీమెయిల్‌తో తెరిచినా, కాలేజీ మెయిల్‌తో తెరిచినా జెమిని చూడటానికి దాదాపు ఒకేలా ఉంటుంది. షరతులు మాత్రం వేరు. ఉచిత అకౌంట్‌లో మీరు రాసింది మోడల్ ట్రైనింగ్‌కి, అంటే ఏఐకి నేర్పించడానికి, వెళ్లే అవకాశం ఉంది, సెట్టింగ్స్‌లో మీరే ఆపుకోవాలి. సంస్థ అకౌంట్‌లో అలా వాడకూడదని సాధారణంగా ఒప్పందంలోనే రాసుకుంటారు.

ఒకే బ్రౌజర్‌లో రెండు మెయిల్స్ లాగిన్ అయి ఉంటే ఏ ట్యాబ్ దేనిదో గుర్తుండదు. క్రోమ్‌లో కాలేజీ మెయిల్‌కి విడిగా ఒక ప్రొఫైల్ పెట్టుకుని, దానికి వేరే రంగు ఇవ్వండి. పేస్ట్ చేసే ముందు పై మూలనున్న ఫొటో మీద నొక్కి మెయిల్ అడ్రస్ చదవండి. ఫోన్ యాప్‌లో ఈ పని అస్సలు వద్దు, అందులో అకౌంట్ మారిపోయినా గమనించం.

2. కంప్యూటర్ సెంటర్‌ని అడగాల్సినవి అడగండి

"సెక్యూర్" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. మేం రాసింది క్యాంపస్ సర్వర్‌లోనే ఉంటుందా, బయటి కంపెనీకి వెళ్తుందా? ట్రైనింగ్‌కి వాడతారా? ఎన్నాళ్లు దాస్తారు? అడ్మిన్ చూడగలరా? ఏ రకం డేటాకి అనుమతి ఉంది? ఇవన్నీ మెయిల్‌లోనే అడిగి, జవాబు దాచుకోండి. రేపు రీసెర్చ్ పద్ధతిగా జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీ అడిగితే అదే చూపించవచ్చు.

బయటివాళ్లు చూడకపోయినా కాలేజీ చూడగలదు. గైడ్ మీద ఫిర్యాదు, మీ సొంత ఆరోగ్య సమస్య లాంటివి క్యాంపస్ టూల్‌లో రాయకపోవడమే మంచిది.

3. పేర్లు తీసేయండి, గుర్తులు కూడా తీసేయండి

ముందు మీరు సంతకం తీసుకున్న కన్సెంట్ ఫారం తెరవండి. "మా టీమ్ తప్ప ఎవరూ చూడరు" అని ఉంటే, ఏఐ టూల్ సంగతి గైడ్‌తో, ఎథిక్స్ కమిటీతో తేల్చుకున్నాకే ముందుకెళ్లండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతినే కీలకంగా తీసుకుంటుంది.

తర్వాత ఫైల్‌కి ఒక కాపీ తీసి అందులో పని చేయండి. పేరు ఉన్నచోట "కా-7" లాంటి కోడ్, ఫోన్, ఆధార్ నంబర్లు ఉన్నచోట ఖాళీ. ఏ కోడ్ ఎవరిదో చెప్పే పట్టిక వేరే పెన్‌డ్రైవ్‌లో, పాస్‌వర్డ్‌తో. ఇంతటితో పని అయిపోదు. "మా డిపోలో లారీ నడిపే ఆడమనిషిని నేనొక్కదాన్నే" అనే వాక్యంలో పేరు లేదు, అయినా ఆ డిపోలో ఎవరిని అడిగినా ఆమె ఎవరో చెప్పేస్తారు. అలాంటి వాక్యాన్ని "వాహనం నడిపే కార్మికురాలు" అని మార్చాలి. ఈ పని ఏఐకి అప్పగిస్తే అసలు ఫైల్ దానికి ఇచ్చినట్టే కదా, అందుకే ఓపిగ్గా మీరే చేయాలి.

4. కొంచెం కొంచెంగా ఇచ్చి, జవాబు సరిచూసుకోండి

ఏఐ మోడల్స్ రాసినదాన్ని టోకెన్లు అనే చిన్న ముక్కలుగా చేసి చదువుతాయి. చాలా మోడల్స్ తెలుగు లిపిని ఇంగ్లిష్ కన్నా ఎక్కువ టోకెన్లుగా ముక్కలు చేస్తాయి. అందుకే రోజువారీ పరిమితి ఉన్న టూల్‌లో తెలుగు ట్రాన్‌స్క్రిప్ట్‌తో అది త్వరగా అయిపోతుంది. ఒక్కో ఇంటర్వ్యూ విడిగా ఇవ్వండి. "ఇందులో లేనిది చేర్చకు, ప్రతి అంశానికీ అసలు వాక్యం చూపించు" అని అడగండి. అది చూపిన ప్రతి వాక్యాన్నీ ఒరిజినల్‌లో వెతకండి. దొరక్కపోతే ఆ అంశం కొట్టేయండి. చెన్నై తెలుగులో తమిళ మాటలు కలిసే ఉంటాయి, అక్కడ మోడల్ ధీమాగా తప్పు అర్థం చెబుతుంది.

5. కాలేజీలో టూల్ లేకపోతే

ల్యాబ్ కంప్యూటర్‌లో ఒల్లామా (ఏఐ మోడల్స్‌ని సొంత కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, గెమ్మా లాంటి ఓపెన్ మోడల్, అంటే ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోగలిగేది, చిన్న సైజుది దింపుకోవచ్చు. 16 జీబీ ర్యామ్ ఉంటే చిన్నవి నడుస్తాయి, నెమ్మదిగానే. క్లౌడ్‌లో నడిచే మోడల్ ఎంచుకోకుండా చూసుకోండి. డౌన్‌లోడ్ అయ్యాక ల్యాన్ కేబుల్ పీకేసి, వైఫై ఆపి ప్రశ్న అడగండి. జవాబు వస్తే మోడల్ ఆ మెషీన్‌లోనే నడుస్తున్నట్టు. చిన్న మోడల్స్ తెలుగు అంత బాగుండదు. ఇంటర్వ్యూలను అంశాలవారీగా విడదీయడం వరకు వాడి, రాత పని మీరే చేసుకోండి.

ఏ టూల్‌ని ఏ పనికి వాడారో రిపోర్టులో ఒక పేరా రాయండి. కోర్సు అయిపోయాక కాలేజీ మెయిల్ ఆపేస్తే అందులోని చాట్లు మీకు తెరుచుకోవు. కావాల్సినవి అంతకుముందే దించుకుని, మిగతావి మీ చేత్తోనే డిలీట్ చేయండి.