ఎలుగు అడుగుతో మొదలు: పంచ జంతు క్రీడను ఇంటి డాబా మీద సాధన చేసే పద్ధతి

చైనా సంప్రదాయ వైద్యంలో మూలికలకు, సూదులకు ఎంత స్థానం ఉందో శరీర చలనానికీ అంత స్థానం ఉంది. ఆ చలన పద్ధతులలో నృత్యానికి బాగా దగ్గరగా ఉండేది ‘వూ చిన్ షీ’. పులి, జింక, ఎలుగుబంటి, కోతి, కొంగ అనే ఐదింటి కదలికలను అనుకరించే ఈ పంచ జంతు క్రీడను, హాన్ వంశపు చివరి రోజులలో జీవించి సుమారు క్రీ.శ. 208లో మరణించిన హువా తువో అనే వైద్యుడు తన శిష్యుడు వూ పూకు బోధించినట్లు చైనా ప్రాచీన చరిత్ర గ్రంథాలలో ఉంది. శరీరానికి శ్రమ అవసరమే గాని దానిని హద్దు దాటనీయకూడదనేది ఆయన మాటల సారం. ఒంట్లో నలతగా ఉన్నప్పుడు లేచి ఒక్క జంతువు ఆట ఆడితే, చెమట పట్టి, ఒళ్ళు తేలికపడి, ఆకలి పుడుతుందని కూడా ఆయన చెప్పాడు. అందుచేత ఐదింటినీ ఒకే ఉదయం పూర్తి చేయాలనే ఆత్రుత ఎవరికీ అక్కరలేదు.

ఈ ఆలోచన హువా తువో కంటే పాతది. 1973లో ఛాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌దుయిలో, క్రీ.పూ. 168లో మూసిన ఒక సమాధి నుండి బయటపడిన పట్టుగుడ్డ మీద ఇటువంటి వ్యాయామాలు చేస్తున్న 44 మంది స్త్రీ పురుషుల బొమ్మలు ఉన్నాయి. చైనా తత్వచింతన అయిన తావో మార్గానికి మూలగ్రంథాలలో ఒకటైన ‘జువాంగ్‌జి’లో కూడా ఎలుగులా వేలాడి, పక్షిలా చాచి, పాత గాలి వదిలి కొత్త గాలి పీల్చేవారి ప్రస్తావన వస్తుంది. అయితే ఆ గ్రంథం వారిని ఆకాశానికెత్తలేదు. ఆయుష్షు మీద ఆశతో చేసేవారి కంటే, ఏ ప్రయాసా లేకుండా సహజంగా బతికేవారే పై మెట్టు మీద ఉన్నారని చెప్పింది. సాధన చేసేవారు ఈ చురకను గుర్తుంచుకోవడం మంచిది, ఎందుకంటే బలవంతంగా సాగదీసిన చేయి, బిగబట్టిన ఊపిరి ఈ పద్ధతికి పూర్తిగా విరుద్ధం.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో దీనికి అనువైన వేళ సూర్యుడు పైకి రాకముందు ఉండే సమయమే. వేసవిలో ఏడు గంటలు దాటితే సముద్రపు ఉక్కకు చెమట ఎలాగూ కారుతుంది గనుక, అది సాధన వల్ల పట్టిందో ఉక్క వల్ల పట్టిందో తెలియదు. డాబా గాని, ఊడ్చిన కళ్ళం గాని సరిపోతుంది. నేల చదునుగా ఉండాలి, మంచు పడి తడిగా ఉండకూడదు. చీరకట్టు అడుగుకు అడ్డుపడుతుంది గనుక చుడీదారు మేలు. భోజనమైతే రెండు గంటలు గడవాలి.

చైనాలో ఇప్పుడు బోధించే ప్రామాణిక రూపంలో ఒక్కొక్క జంతువుకు రెండేసి కదలికలు ఉంటాయి, పులితో మొదలవుతుంది. మన దగ్గర గురువు లేకుండా నేర్చుకునేవారు మాత్రం ఎలుగుతో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. మిగిలిన నాలుగింటికీ కావలసిన ముఖ్య విద్య, అంటే ఒంటి బరువును ఒక కాలి నుండి రెండో కాలికి తెలిసి మార్చడం, ఎలుగు అడుగులోనే ఉంది.

పాదాలను భుజాల వెడల్పున ఉంచి, మోకాళ్ళను కొద్దిగా సడలించి నిలబడాలి. నాలుగు వేళ్ళను మడిచి, బొటనవేలిని చూపుడువేలి కొస మీద ఆనించి, లోపల ఖాళీ ఉండేలా పిడికిలి పట్టాలి; ఇదే ఎలుగు పంజా. రెండు పిడికిళ్ళనూ బొడ్డు కింద ఉంచి, నడుము పైభాగాన్ని నెమ్మదిగా గుండ్రంగా తిప్పాలి. పైకి లేచేటప్పుడు ఊపిరి లోపలికి, కిందికి వచ్చేటప్పుడు బయటికి. పిడికిళ్ళు పొట్ట మీద తమంతట తాము తిరగకూడదు, నడుము తిప్పితేనే తిరగాలి. తుంటి మాత్రం కదలకూడదు. ఇది కుదిరాక అడుగు. బరువంతా కుడి కాలి మీదికి మార్చి, ఎడమ తుంటిని పైకి లాగాలి. తుంటి లేస్తే కాలు దానితో పాటు లేస్తుంది, మోకాలితో ఎత్తనక్కరలేదు. తరువాత పాదాన్ని మొత్తం ఒకేసారి, బరువుగా, ముందుకు వాల్చాలి. ఆ అదురు తుంటి దాకా తెలియాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటలలో ఎలుగును దూరం నుండి చూసినవారికి ఈ నడక వెంటనే అర్థమవుతుంది, కాని అక్కడ తరచూ దాడులు జరుగుతున్నాయి గనుక దానిని చూసి నేర్చుకోవడానికి ఎవరూ వెళ్ళరాదు.

కొంగకు మాత్రం వెళ్ళి చూడదగిన చోటు ఉంది. శీతాకాలంలో టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో విడిది చేసే పెలికాన్లు అనే పెద్ద నీటిపక్షులు రెక్క ఎత్తే తీరును గమనిస్తే, రెక్క మొదలు ముందు లేస్తుంది, కొస ఈకలు చివరికి లేస్తాయి. మన చేతులూ అలాగే లేవాలి: ముందు భుజం సడలి, తరువాత మోచేయి, ఆ తరువాత మణికట్టు, చివరికి వేళ్ళు. ఒక కాలి మీద నిలిచి, రెండో మోకాలిని ఎత్తుతూ, చేతులను పక్కలకు భుజాల ఎత్తు వరకు తీసుకువెళుతూ ఊపిరి పీల్చాలి, దించుతూ వదలాలి. అరవై దాటినవారు ఎత్తిన కాలి మునివేళ్ళను నేలకు తాకించి ఉంచుకోవచ్చు, పక్కన పిట్టగోడ ఉంటే ఇంకా మంచిది.

పులికి వేళ్ళను విశాలంగా విప్పి, కణుపుల దగ్గర వంచి గోళ్ళలా చేయాలి. ఆ చేతులను పిడికిలిగా తిప్పుతూ ఛాతీ దాకా తెచ్చి, అక్కడ విప్పి ఆకాశం వైపు నెట్టి, మళ్ళీ పిడికిలి పట్టి కిందికి లాగాలి. చూపు చేతుల వెంట పోవాలి. పైడితల్లి సిరిమానోత్సవంలో పులివేషాలను చూస్తూ పెరిగినవారికి డప్పు దరువు గుర్తొచ్చి వేగం పెరుగుతుంది. దానిని అదుపు చేయాలి. కోతి సులువు: ఐదు వేళ్ళ కొసలను ఒకచోట చేర్చి, భుజాలను చెవుల దాకా ఎత్తి, మడమలు లేపి, తల పక్కకు తిప్పి దించితే చాలు.

జింకలో నడుమును పక్కకు మెలిపెట్టి, వెనుక మడమ వైపు చూడాలి. చైనా వైద్యం ఈ కదలికను మూత్రపిండాలతో, పులిని కాలేయంతో, ఎలుగును ప్లీహంతో, కోతిని గుండెతో, కొంగను ఊపిరితిత్తులతో ముడిపెడుతుంది. ఆ శాస్త్రంలో మూత్రపిండం అంటే ఎముకలు, చెవులు, సంతానశక్తి కూడా కలిసిన ఒక పెద్ద భావన, స్కానింగులో కనిపించే అవయవం మాత్రమే కాదు. కిడ్నీ జబ్బుతో ఇన్ని కుటుంబాలు నలిగిపోతున్న మన శ్రీకాకుళం జిల్లాలో ఈ తేడాను స్పష్టంగా చెప్పి తీరాలి: కిడ్నీ పనితీరును తెలిపే రక్తపరీక్షలో కనిపించే క్రియాటినిన్‌ను జింక ఆట తగ్గించదు, డయాలసిస్‌కు బదులు కాదు. డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపిన చోటు, అంటే ఫిస్టులా, ఉన్న చేతి మీద ఒత్తిడి పడే కదలికను డాక్టరును అడిగాకే చేయాలి. నడుము డిస్కు జారినవారు మెలిపెట్టడం మానేయాలి.

ఒక్కొక్కటీ చేతికి వచ్చాక, ఎలుగు అడుగునే వంతెనగా వాడి ఒక ఆట నుండి మరొక ఆటలోకి మారితే అది నృత్యమవుతుంది. తంబూరా శ్రుతి సన్నగా వినిపిస్తే చాలు, తాళం వద్దు. తాళం ఉంటే ఊపిరి దాని వెంట పరుగెత్తుతుంది. తప్పులు పట్టుకోవడానికి ఫోనును పిట్టగోడకు ఆనించి వీడియో తీసుకుని, వంగిన ప్రతిసారీ మోకాలు పాదపు వేళ్ళ దిశలోనే ఉందా, లోపలికి వాలుతోందా అన్నది చూసుకోవాలి. వాలుతుంటే, ఆ వారమంతా మిగిలినవి పక్కనపెట్టి ఎలుగు అడుగు ఒక్కటే వేయాలి.