వర్డ్ పత్రం అందరికీ చదవడానికి వీలుగా ఉండాలంటే

విజయవాడ గవర్నరుపేటలోనో గుంటూరు అరండల్‌పేటలోనో డీటీపీ చేయించిన సర్క్యులర్ కాగితం మీద చూడముచ్చటగా ఉంటుంది. అదే ఫైలును చూపు లేని ఉపాధ్యాయుడో, చూపు మందగించిన పింఛనుదారో తెర మీది వాచకాన్ని గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే ఒక్క ముక్క కూడా అర్థం కాకపోవచ్చు. కంటికి కనిపించే రూపంతో స్క్రీన్ రీడర్‌కు పని లేదు. అది ఆ రూపం వెనుక ఉన్న అక్షర సంకేతాలను, పత్ర నిర్మాణాన్ని చదువుతుంది. కాబట్టి ఈ రెండూ సరిగ్గా ఉండాలి.

మొదట చూడవలసింది ఫాంటు. అచ్చు పనికి మన ప్రాంతంలో ఏళ్ల తరబడి వాడుతూ వచ్చిన అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం తెలుగు అక్షరంగా నిల్వ ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు బొమ్మలను కూర్చి ఉంటారు. అందువల్ల ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో గజిబిజి గుర్తులు కనిపిస్తాయి, స్క్రీన్ రీడర్ కూడా ఆ గుర్తులనే చదువుతుంది, వెతికితే ఒక్క తెలుగు పదమూ దొరకదు. ప్రపంచ భాషల అక్షరాలకు సంకేతాలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు ప్రత్యేకంగా స్థానాలు ఉన్నాయి కనుక ఈ ఇబ్బంది రాదు. విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మలా యూఐ, ఉచితంగా దొరికే నోటో సాన్స్ తెలుగు, మండలి అన్నీ యూనికోడ్ ఫాంట్లే. డీటీపీ కేంద్రంలో పని అప్పగించేటప్పుడే ‘యూనికోడ్‌లో టైపు చేసి, వర్డ్ ఫైలు కూడా ఇవ్వండి’ అని స్పష్టంగా చెప్పాలి. పాత ఫైళ్లను కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు కానీ, మార్చాక వత్తులను, అంకెలను, విరామచిహ్నాలను మూలంతో ఒకసారి పోల్చి చూసుకోక తప్పదు.

ఇక నిర్మాణం. శీర్షికను పెద్ద అక్షరాల్లో బోల్డ్ చేసినంత మాత్రాన వర్డ్ దాన్ని శీర్షికగా గుర్తించదు. హోమ్ ట్యాబ్‌లోని స్టైల్స్ నుంచి ప్రధాన శీర్షికకు హెడింగ్ 1, దాని కింది విభాగాలకు హెడింగ్ 2, వాటిలోని ఉపవిభాగాలకు హెడింగ్ 3 ఇవ్వాలి. నడుమ ఒక స్థాయిని దాటవేయకూడదు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ వాడేవారు బ్రౌజ్ మోడ్‌లో (టైపు చేయకుండా పత్రంలో తిరుగుతూ చదివే పద్ధతిలో) హెచ్ కీ నొక్కుతూ ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు వెళ్లగలరు. నలభై పేజీల నివేదికలో కావలసిన విభాగాన్ని మనం కళ్లతో ఎలా పట్టుకుంటామో వారు ఈ కీతో అలా పట్టుకుంటారు. శీర్షికలే లేకపోతే మొదటి పేజీ నుంచి అంతా వినవలసి వస్తుంది, ఇది చిన్న కష్టం కాదు. స్టైల్స్ వాడితే విషయసూచిక దానంతట అదే తయారవుతుంది. శీర్షికల రంగు, పరిమాణం మార్చాలంటే ఒక్కచోట మారిస్తే చాలు. వర్డ్ తెలుగును కాంప్లెక్స్ స్క్రిప్ట్‌గా (సంక్లిష్ట లిపిగా) చూస్తుంది కాబట్టి, స్టైల్‌లో ఫాంటు, పరిమాణం మార్చేటప్పుడు కాంప్లెక్స్ స్క్రిప్ట్ విభాగంలోనూ మార్చాలి. లేకపోతే ఇంగ్లీషు మారుతుంది, తెలుగు పాత పరిమాణంలోనే ఉండిపోతుంది.

అందం కోసం ‘గుం టూ రు’ అని అక్షరాల మధ్య ఖాళీలు పెట్టే అలవాటును పూర్తిగా మానుకోవాలి, ఎందుకంటే వినేవారికి అవి మూడు వేర్వేరు ముక్కలుగా వినిపిస్తాయి. ఎడం కావాలంటే ఫాంట్ సెట్టింగుల్లో స్పేసింగ్ పెంచాలి. కొత్త పేజీకి పదేపదే ఎంటర్ కొట్టకుండా కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కాలి. పంక్తుల ఎడాన్ని ‘ఎగ్జాక్ట్‌లీ’ అని బిగించి తక్కువ కొలత ఇస్తే ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటల్లో కింది వత్తులు తెగిపోతాయి. ‘మల్టిపుల్’ ఎంచుకుని 1.15 నుంచి 1.5 వరకు ఇస్తే తెలుగుకు హాయిగా ఉంటుంది.

పట్టికల విషయంలో గుంటూరు మిర్చి యార్డు ధరల పట్టికను ఊహించుకోండి: తేజ, బాడిగ, ‘334’ అనే మిర్చి రకాల పేర్లు ఒక నిలువు వరుసలో, కనిష్ఠ, గరిష్ఠ ధరలు తర్వాతి రెండింటిలో ఉంటాయి. ట్యాబ్‌లతో, ఖాళీలతో పేర్చితే ఏ ధర ఏ రకానిదో వినేవారికి తెలియదు. ఇన్‌సర్ట్‌లోని టేబుల్‌నే వాడి, మొదటి అడ్డు వరుసను హెడర్ రోగా (నిలువు వరుసల పేర్లుండే వరుసగా) గుర్తించి, ‘రిపీట్ హెడర్ రోస్’ కూడా ఇస్తే పట్టిక రెండో పేజీకి సాగినా పైవరుస అక్కడ మళ్లీ వస్తుంది. గడులను కలపడం, ఖాళీగా వదలడం వీలైనంత తగ్గించాలి.

బొమ్మలకు ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మలో ఏముందో చెప్పే చిన్న వివరణ, రాయాలి. అలంకారానికి పెట్టినవాటిని డెకరేటివ్‌గా గుర్తిస్తే చాలు. సంతకం చేసిన ఉత్తరువును ఫొటో తీసి పంపేటప్పుడు అసలు ఫైలును కూడా జత చేయాలి, ఎందుకంటే ఫొటోలోని అక్షరాలు స్క్రీన్ రీడర్‌కు అక్షరాలు కావు. ముఖ్యమైన తేదీలు హెడర్, ఫుటర్‌లలో మాత్రమే ఉండకూడదు. అక్షరాల రంగుకు, వాటి వెనుక రంగుకు మధ్య తేడా (కాంట్రాస్ట్ నిష్పత్తి) కనీసం 4.5:1 ఉండాలి; లేత పసుపు మీద తెలుపు ఎవరికీ మంచిది కాదు.

తెలుగు, ఇంగ్లీషు కలిసిన పత్రంలో రివ్యూ ట్యాబ్ కింద ప్రూఫింగ్ లాంగ్వేజ్‌లో ఏ భాగం ఏ భాషో గుర్తిస్తే, వాచకం చదివే గొంతు కూడా తదనుగుణంగా మారగలదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 42వ సెక్షన్ ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం అందుబాటు రూపంలో ఉండేలా చూడడాన్ని ప్రభుత్వ బాధ్యతగా చేసింది. అయినా ఒక కాలేజీ నోటీసుకో, అపార్టుమెంటు సంఘం లెక్కల పత్రానికో చట్టం గుర్తుచేసే దాకా ఆగనక్కరలేదు.

చివరగా రివ్యూలోని ‘చెక్ యాక్సెసిబిలిటీ’ నడిపి, అది చూపిన లోపాలను దిద్దాలి. పీడీఎఫ్ కావాలంటే ప్రింట్ ద్వారా కాక ‘సేవ్ యాజ్’ ద్వారా తీయాలి, అక్కడి ఆప్షన్లలో డాక్యుమెంట్ స్ట్రక్చర్ ట్యాగ్స్ ఎంపికై ఉందో లేదో చూడాలి. ‘ప్రింట్ టు పీడీఎఫ్’ ఇస్తే ఇంత శ్రమపడి పెట్టిన శీర్షికలు, పట్టికల గుర్తింపు అంతా పోతుంది. ఆ తర్వాత ఎన్‌వీడీఏ తెరిచి, తెర వైపు చూడకుండా ఒకటి రెండు పేజీలు వినండి. ఎక్కడ తడబాటు వినిపిస్తే అక్కడ వర్డ్ ఫైలులోనే దిద్ది, పీడీఎఫ్‌ను మళ్లీ తీయండి.