మానిటరింగ్ నేర్చుకుందాం, 4వ భాగం: ఏజెంట్లు, వాటి కీలు

పోయిన భాగంలో ఏజెంట్ (మెషీన్ మీద నడుస్తూ దాని డేటా పంపే చిన్న ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చేసి, ఆ డేటా చూసే పోర్టల్‌లో అది యాక్టివ్ అని కనపడేదాకా వచ్చాం. మధ్యలో ఒక కీ, అంటే పాస్‌వర్డ్ లాంటి రహస్య అక్షరాల వరస, కాపీ చేసి పేస్ట్ చేశాం గుర్తుందా, ఈసారి దాని సంగతి చూద్దాం, ఎందుకంటే మెషీన్లు పెరిగేకొద్దీ వచ్చే తలనొప్పుల్లో చాలావరకు దీంతోనే.

మొదట ఒకటి తెలుసుకోవాలి, కీలన్నీ ఒకే రకం కాదు. కొత్త ఏజెంట్ మొదటిసారి చేరడానికి వాడేది ఎన్‌రోల్‌మెంట్ కీ, అది గేటు దగ్గర చూపించే పాస్ లాంటిది, లోపలికొచ్చాక మళ్ళీ ఎవరూ అడగరు. చేరాక ఏజెంట్‌కి సొంత కీ ఇస్తారు, ఆ తర్వాత డేటా అంతా దాంతోనే వెళ్తుంది. వాజూ అనే మానిటరింగ్ టూల్‌లో అయితే చేరడం 1515 పోర్ట్ మీద, డేటా పంపడం 1514 మీద, డీఫాల్ట్‌గా. ఇలాంటిదే ఇంకో టూల్ ఎలాస్టిక్ ఫ్లీట్‌లోనూ చేరడానికి ఒక కీ, ఆ తర్వాత ఇంకో కీ. ఇవి కాక డేటా బయటికి చదవడానికి వేరే కీలుంటాయి, డేటాడాగ్ అనే టూల్‌లో పంపడానికి ఏపీఐ కీ ఒక్కటి చాలు గానీ చదవాలంటే దాంతోపాటు అప్లికేషన్ కీ కూడా కావాలి. చదివే కీ తీసుకెళ్ళి ఏజెంట్ కాన్ఫిగ్‌లో పెట్టకండి, అక్కడ దానికి పనే లేదు.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందంటే, ఎన్‌రోల్‌మెంట్ కీ లీకైందని పోర్టల్‌లో దాన్ని రివోక్ (రద్దు) చేసి హమ్మయ్య అనుకుంటాం, కానీ ఫ్లీట్‌లో ఆ కీతో అప్పటికే చేరిపోయిన ఏజెంట్లు ఏమీ కానట్టు నడుస్తూనే ఉంటాయి, అందులో మనది కాని మెషీన్ ఏదైనా దూరి ఉంటే అది కూడా. కాబట్టి రివోక్ చేశాక ఏజెంట్ల లిస్ట్ తెరిచి, చేరిన తేదీ, హోస్ట్ పేరు చూసి, గుర్తుపట్టలేని వాటిని విడిగా తీసేయాలి.

ఇక కీ మార్చడం. పాతది తీసి కొత్తది పెట్టడం కాదు, రెండూ కొన్నాళ్ళు కలిసి నడవాలి. కొత్తది క్రియేట్ చెయ్యి, ఏజెంట్లలో పెట్టి రీస్టార్ట్ చెయ్యి, పాతదానికి లాస్ట్ యూజ్డ్ ఎప్పుడో చూడు, ఇంకెవరూ వాడట్లేదనిపిస్తే ముందు డిసేబుల్ చెయ్యి, డిలీట్ ఆ తర్వాతే. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఒక ఐఏఎం యూజర్‌కి (అక్కడి లాగిన్ ఖాతాకి) రెండు యాక్సెస్ కీలు ఉండనిస్తారు కాబట్టి ఇది ఈజీ. జాబిక్స్ అనే టూల్‌లో మాత్రం ఒక హోస్ట్‌కి (మెషీన్‌కి) ఒక్క పీఎస్‌కే, అంటే రెండు వైపులా ముందే పెట్టుకునే ఉమ్మడి కీ, మాత్రమే, అందుకని ఏజెంట్ వైపు, పోర్టల్ వైపు వెంటవెంటనే మార్చాలి, మధ్యలో కాసేపు డేటా ఆగుతుంది, కంగారు పడొద్దు. ఆ కీకి కనీసం 32 హెక్స్ అక్షరాలు (0-9, a-f) ఉండాలి. ఆ కీని గుర్తుపట్టడానికి పెట్టే ఐడెంటిటీ అనే పేరు మాత్రం ఎన్‌క్రిప్ట్ కాకుండానే నెట్‌వర్క్ మీద వెళ్తుంది, అందులో రహస్యాలేవీ రాయకండి. ఒకే ఐడెంటిటీకి రెండు వేర్వేరు కీలు పెడితే కుదరదు, కీ మార్చినప్పుడు ఆ పేరు కూడా మార్చేస్తే గొడవుండదు.

అసలు చిక్కు ఇమేజ్‌లతో, అంటే కొత్త మెషీన్లు తయారుచేయడానికి దాచుకున్న అచ్చులతో. నడుస్తున్న మెషీన్లన్నిట్లో కీ మార్చేశాం, పోర్టల్ నిండా పచ్చగా ఉంది, పాతది డిలీట్ కూడా చేశాం, కానీ ఆటోస్కేలింగ్ (లోడ్‌ని బట్టి మెషీన్లు వాటంతటవే పెరగడం, తగ్గడం) వాడే ఇమేజ్‌లో పాత కీ అలాగే ఉండిపోయింది, ఎప్పుడో లోడ్ పెరిగి కొత్త మెషీన్ లేస్తుంది, ఏజెంట్ పాత కీతో తలుపు కొడుతుంది, 401 లేదా 403 (అనుమతి లేదనే ఎర్రర్లు) తిని ఊరుకుంటుంది. పోర్టల్‌కి ఆ మెషీన్ ఉందనే తెలీదు, మరి అలర్ట్ ఎవరు కొడతారు? చేరి ఆగిపోయిన ఏజెంట్‌ని పోర్టల్ డిస్‌కనెక్టెడ్ అని చూపిస్తుంది, అసలు చేరనే చేరనిదాన్ని చూపించలేదు. అందుకే పాత కీ డిలీట్ చేసే ముందు ఇమేజ్‌లు, కంటైనర్ సెట్టింగ్స్, యాన్సిబుల్ (మెషీన్లను సెటప్ చేసే టూల్) ఫైళ్ళు వెతకండి. క్లౌడ్‌లో ఉన్న మెషీన్ల లెక్క, పోర్టల్‌లో ఉన్న ఏజెంట్ల లెక్క పక్కపక్కన పెట్టి చూడటం అలవాటు చేసుకోండి, కొంచెం బోర్ పనే గానీ నా దృష్టిలో ఏ డ్యాష్‌బోర్డ్ కన్నా ఇదే ముఖ్యం.

కీ ఉన్న ఫైల్ ఏజెంట్ యూజర్ తప్ప ఇంకెవరూ చదవలేకుండా పర్మిషన్ పెట్టండి. కోడ్ మార్పులన్నీ దాచే గిట్‌లోకి కీ ఒకసారి వెళ్తే తర్వాత కమిట్‌లో తీసేసినా హిస్టరీలో ఉంటుంది, ఇక ఆ కీ మార్చాల్సిందే.

ఈ భాగానికి హోంవర్క్: టెస్ట్ మెషీన్‌లో ఏజెంట్ చేర్చి, దాని ఎన్‌రోల్‌మెంట్ కీ రివోక్ చేసి, డేటా ఇంకా వస్తోందో లేదో చూడండి, తర్వాత అదే కీతో రెండో మెషీన్ చేర్చబోయి ఏజెంట్ లాగ్‌లో ఏ ఎర్రర్ వస్తుందో రాసిపెట్టుకోండి. 5వ భాగంలో ఆ లాగ్‌తోనే పని.