ఇంట్లోనే బండి టైరు – మూడో పాఠం: కోసుకుపోయిన ట్యూబులు, ఆ తర్వాత బ్యాలెన్సింగ్

ఈసారి పాఠమంతా బ్యాలెన్సింగే, అంటే చక్రం చుట్టూ బరువు సమం చేయడమే అని పోయినసారి మాట ఇచ్చాను. ఆ మాట సగమే నిలబెట్టుకోగలుగుతున్నాను. రెండో పాఠం చూసి టైరు ఎక్కించినవాళ్ళలో చాలామంది ట్యూబులు కోసుకున్నారు. దేవరకొండ తమ్ముడొకరు ఒక్క ఆదివారంలో మూడు ట్యూబులు పోగొట్టుకుని, సోమవారం పొద్దున ఆటోలో డ్యూటీకి పోయాడు. జడ్చర్లలో ఒక పెద్దాయన చివరి జానెడు అంచు ఎంతకీ ఎక్కక గడ్డపార పెట్టి ఎత్తారు. రిమ్ము వంగింది.

తప్పు నాది. "రెండో అంచును కూడా లివర్లతో ఎక్కించండి" అని ఒక్క ముక్కలో దాటేశాను. (లివరంటే టైరు అంచును రిమ్ము మీదికి ఎత్తే ఇనుప పట్టీ.) పనంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది. కాబట్టి ముందు అది తేల్చుకుందాం.

పాడైన ట్యూబును అప్పుడే పారేయకండి. గాలి కొట్టి, బకెట్లో ముంచి, బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. నేలను తాకే వైపు చిన్న రంధ్రం ఉంటే అది ముల్లు. మన దగ్గర సర్కారు తుమ్మ ముల్లే ఎక్కువ. టైరు లోపల పాత బట్టతో ఒక చుట్టు తుడవండి, మొన ఉన్నచోట బట్ట పట్టుకుంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేస్తే సాయంత్రానికి అదీ పోతుంది. రంధ్రం రిమ్ము వైపు ఉంటే లోపలి రబ్బరు పట్టీ జరిగి చక్రం పుల్ల (స్పోకు) తల గుచ్చుకుందన్నమాట. అలా కాకుండా పక్కన, గోటితో గిల్లినట్టు సన్నటి గాటు, ఒక్కోసారి జంటగా రెండు గాట్లు కనిపిస్తే అది లివరు చేసిన పని.

మీరు పంపిన ఫోటోల్లో దాదాపు అన్నీ ఈ గాట్లే. అవి కూడా వాల్‌కు, అంటే గాలి కొట్టే గొట్టానికి, సరిగ్గా ఎదురుగా పడ్డాయి. అంటే వాల్ దగ్గర మొదలుపెట్టి, ఎదురుగా ముగించారు. అక్కడే చిక్కొచ్చింది.

గాజుల దుకాణంలో గాజులు తొడగడం చూసే ఉంటారు. గాజు సాగదు, లాగితే పగులుతుంది. అందుకే తొడిగే ఆమె గాజు జోలికి పోదు. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, చెయ్యినే సన్నం చేస్తుంది. టైరు అంచు కూడా గాజులాంటిదే. బీడ్ అంటాం కదా, ఆ అంచు లోపల ఉక్కు తీగె చుట్ట ఉంటుంది. అది వెంట్రుకవాసి కూడా సాగదు. రిమ్ము అంచేమో బీడ్ కంటే పెద్దది. మరి ఎలా ఎక్కుతుంది? రిమ్ము నడిమధ్యలో చుట్టూ కాలువలా ఒక పల్లం ఉంది. బీడ్‌ను ఒకవైపు ఆ పల్లంలోకి దింపితే ఎదుటి వైపు అంత మేర వదులు దొరుకుతుంది. దొరికే వదులు అదొక్కటే. ఆ పల్లమే మీ మడిచిన బొటనవేలు.

వాల్ దగ్గర మొదలుపెడితే ఏమవుతుంది? ట్యూబుకు వాల్ అతికిన మొదలు లావుగా ఉండి పల్లంలో కూర్చుంటుంది. అక్కడ బీడ్ కిందికి దిగదు. దిగకపోతే ఎదురుగా వదులు రాదు. వదులు లేనిచోట మీరు బలం పెడతారు, ఆ బలం లివరు మొన మీదికి పోతుంది, మొన కింద ట్యూబు ఉంటుంది. పెద్ద లివరు తెచ్చినా, ఇద్దరు కలిసి తొక్కినా ఇది మారదు. జడ్చర్ల పెద్దాయన గడ్డపారకు రిమ్ము వంగింది కానీ బీడ్ ఎక్కలేదు, చూశారా? ఎప్పుడైనా చేతికి బరువనిపిస్తే ఆగండి. లివరు వదిలేసి ఎదుటి వైపు చూడండి. అక్కడ బీడ్ పల్లంలోంచి పైకి లేచి ఉంటుంది. దాన్ని మోకాలితో కిందికి తొక్కి మళ్ళీ మొదలుపెట్టండి. నేను దాదాపు ప్రతి టైరుకూ చివర్లో రెండుసార్లయినా ఇలా ఆగి తొక్కుతాను.

ఇప్పుడు వరస చెప్తాను. ట్యూబులో నోటితో ఊదినంత గాలి పెట్టండి, గుండ్రంగా నిలబడితే చాలు. ముడతలు పడ్డ ట్యూబే లివరు కిందికి వస్తుంది. పౌడరు చల్లి టైరులో సర్దండి. వాల్ నట్టును రెండు మరలు మాత్రమే ఎక్కించి వదిలేయండి. రెండో బీడ్‌ను వాల్‌కు ఎదురుగా మొదలుపెట్టి, రెండు వైపులా సమంగా చేతులతో నెట్టుకుంటూ వాల్ వైపు రండి. సగం దాకా లివరే అక్కర్లేదు. ఆ తర్వాత ఒక్కో పట్టుకు రెండు అంగుళాలకు మించి తీసుకోవద్దు. లివరు నిట్టనిలువుగా లేవగానే ఆపండి. అది దాటించి వాలిస్తే మొన లోపలికి తిరిగి ట్యూబును గిల్లుతుంది. చివరి ముక్క వాల్ దగ్గర మిగులుతుంది. అప్పుడు వాల్‌ను బొటనవేలితో టైరు లోపలికి నెట్టి, ఆ ముక్క ఎక్కించండి.

నాకు ఎనిమిది అంగుళాల పొట్టి లివర్లే ఇష్టం. పొడుగు లివరుతో బలం ఎక్కువ వచ్చి, చేతికి తేడా తెలియదు. పొట్టిదైతే ఎక్కడో పట్టేసిందని మణికట్టుకు వెంటనే తెలుస్తుంది. అంచుకు సబ్బు నీళ్ళే రాయండి. ఇంజిన్ ఆయిలు, గ్రీజు రబ్బరును పాడు చేస్తాయి. ఇంకోటి, మన ఎండ కూడా ఒక పనిముట్టే. ఏప్రిల్‌లో నల్లగొండ మేడ మీద అరగంట పెట్టిన టైరు చెప్పినట్టు వంగుతుంది.

గాలి కొట్టాక బీడ్ పైన, రిమ్మును ఆనుకుని చుట్టూ పోయే సన్నటి గీత చూడండి. రిమ్ము నుంచి దాని దూరం అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. ఒకచోట గీత లోపలికి మునిగితే అక్కడ బీడ్ కూర్చోలేదు. గాలి తీసి, సబ్బు నీళ్ళు రాసి మళ్ళీ కొట్టండి. 40 పీఎస్‌ఐ దాటవద్దు, వేళ్ళు అంచు దగ్గర ఉంచవద్దు. కూర్చున్నాక గాలి మొత్తం తీసి, మళ్ళీ బండి మీద రాసినంత పెట్టండి. ట్యూబు లోపల ముడత ఉంటే సర్దుకుంటుంది. వాల్ నట్టును నేను రిమ్ముకు బిగించను, పైకి క్యాపు దాకా తెచ్చి ఆపుతాను. ట్యూబు జారితే వాల్ ఒరిగి కనిపిస్తుంది, తెగకముందే తెలుసుకుంటాను.

ట్యూబ్‌లెస్ వాళ్ళకు ఈ గాటు భయం లేదు. కానీ కాలి పంపుతో బీడ్ కూర్చోవడం కష్టం. టైరు ఇంట్లో ఎక్కించుకుని, గాలి మాత్రం కంప్రెసర్ ఉన్న దుకాణంలో కొట్టించండి.

ఇక బ్యాలెన్సింగ్.

"మన బండికి ఇదంతా ఎందుకన్నా?" అని అడిగారు కొందరు. లెక్క చూడండి. 18 అంగుళాల రిమ్ము మీద ఒకచోట 20 గ్రాములు ఎక్కువ ఉందనుకుందాం. 80 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు దాదాపు 12 చుట్లు తిరుగుతుంది. ఆ 20 గ్రాములు అప్పుడు రెండున్నర కిలోల బరువులా ఇరుసును లాగుతాయి, సెకనుకు 12 సార్లు దిక్కు మార్చుకుంటూ. 40లో పోతే అది నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే పానగల్లు దాకా పోయొచ్చేవాళ్ళకు ఏమీ తెలియదు. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కాక చేతులు తిమ్మిరెక్కుతాయి.

కొత్త టైరు పక్కన పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలికైన చోటు. వాల్ బరువు కాబట్టి చుక్కను వాల్ దగ్గరికి తెచ్చి ఎక్కించండి. బరువులు అతికించే పని సగం అక్కడే తప్పుతుంది.

చక్రానికి ఇరుసు రాడ్డు దూర్చి, రెండు కొసలను సమాన ఎత్తున్న రెండు ఇనుప స్టూళ్ళ మీద పెట్టండి. బ్రేకు ప్లేటు, స్పీడోమీటరు గేరు తీసేయాలి. దుమ్ము ఆపే రబ్బరు సీలు గట్టిగా పట్టుకుంటే అదీ తీయండి. ఫ్యాను కట్టేయండి. చక్రాన్ని మెల్లగా తిప్పి వదలండి. అది అటూ ఇటూ ఊగి ఆగుతుంది. కింద ఆగిందే బరువైన చోటు. దానికి సరిగ్గా పైన సుద్దముక్కతో గీత పెట్టండి. వేరే వేరే చోట్ల నుంచి మూడుసార్లు వదలండి. మూడుసార్లూ అదే గీత పైకి వస్తే నమ్మండి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే చక్రం బాగానే ఉన్నట్టు, లేదా బేరింగు పట్టేస్తున్నట్టు. వేలితో తిప్పితే గరుకు తగులుతుంది, తేడా అక్కడ తెలుస్తుంది.

ఎంత బరువు కావాలో చూడ్డానికి నేను చిల్లర వాడతాను. పది రూపాయల బిళ్ళ దాదాపు 7.7 గ్రాములు. గీత దగ్గర ఒక బిళ్ళను టేపుతో అంటించి, గీతను పక్కకు, గడియారంలో మూడు ఉండే చోటికి తెచ్చి వదలండి. గీత పైకి లేస్తే బరువు చాలలేదు. కిందికి దిగితే ఎక్కువైంది. ఎక్కడ వదిలితే అక్కడే నిలిచిందా, సరిపోయింది. బిళ్ళలు తీసి, అంతే బరువు సీసం ముక్కలు అతికించండి. అవి 5, 10 గ్రాముల పట్టీలుగా దొరుకుతాయి. ముందు రిమ్మును స్పిరిటుతో తుడిచి ఆరనివ్వాలి. పుల్లల చక్రమైతే టంకం తీగెను నిప్పల్ (పుల్లను రిమ్ముకు బిగించే నట్టు) చుట్టూ బిగించి చుట్టండి, పైన టేపు వేయండి. 15 గ్రాములు దాటితే రిమ్ముకు రెండు వైపులా సగం సగం పెట్టండి. 50 దాటితే బరువులు పెంచుకుంటూ పోవద్దు. గాలి తీసి, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్ళీ కూర్చోబెట్టి చూడండి.

పని అయ్యాక కూడా బండి వణికితే, బరువుల కంటే ముందు ఇందాక చెప్పిన గీత, సుద్ద గీత కాదు, బీడ్ పైన రిమ్మును ఆనుకుని ఉండే సన్నటి గీత మళ్ళీ చూడండి. నా దగ్గరికి వచ్చిన బళ్ళలో ఎక్కువ వాటికి రోగం అక్కడే ఉంది.

అభ్యాసం ఈసారి కొంచెం గట్టిదే. పంక్చరు దుకాణంలో అరిగిన టైరు, పట్టీలు వేసిన ట్యూబు అడిగి తెచ్చుకోండి. ఐదుసార్లు విప్పి, ఐదుసార్లు ఎక్కించండి. ప్రతిసారీ ట్యూబును నీళ్ళలో ముంచి చూడండి. ఒక్క బుడగ వచ్చినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి. తర్వాత చక్రాన్ని బ్యాలెన్స్ చేసి, ఇంట్లో పిల్లల్ని పిలిచి, మీకు కనిపించకుండా రిమ్ము మీద ఎక్కడో పది రూపాయల బిళ్ళ పెట్టి చుట్టూ టేపు వేయమనండి. చక్రాన్ని స్టూళ్ళ మీద పెట్టి ఆ బిళ్ళ ఎక్కడుందో కనిపెట్టండి. జానెడు తేడాతో దొరికితే మీ బేరింగులు, మీ చెయ్యి రెండూ బాగున్నాయి.

కొత్త టైరు మీద మొదటి వంద కిలోమీటర్లు మలుపుల్లో బండి వాల్చకండి, పైన నునుపు ఇంకా పోదు. నాకు రాసేటప్పుడు టైరు సైజు, పెట్టిన గ్రాములు, ట్యూబు కోసుకుంటే గాటు వాల్‌కు ఎటువైపు పడిందో తప్పకుండా రాయండి. వచ్చే పాఠంలో వెనక చక్రం, గొలుసు పట్టి చూస్తాం.