మన డబ్బుకు మనమే కాపలా - 3వ పాఠం: ఓటీపీ మెసేజ్ చదవడం

కిందటి పాఠంలో బ్యాంకు యాప్ తెరిచి, కార్డు మీద విదేశీ లావాదేవీలు ఆపేయడం నేర్చుకున్నాం. ఇంకా చేయనివాళ్లు ముందు ఆ పని ముగించుకుని రండి, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో ఈ పాఠంలోనే తెలుస్తుంది.

ఈ వారం నేర్చుకునేది పైకి చాలా చిన్న పని. ఫోనుకు వచ్చిన ఓటీపీ మెసేజ్‌ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవడం, అంతే. బ్యాంకు కౌంటర్లో కూర్చున్నన్నాళ్లూ డబ్బు పోగొట్టుకుని వచ్చినవాళ్ల ఫోన్లు చాలా చూశాను. జరగబోయేది ఆ మెసేజ్‌లో ముందే రాసి ఉండేది.

ఒక టీచరమ్మ సంగతి చెబుతాను. మధ్యాహ్నం భోజనాల వేళ పరుగున వచ్చి ఫోను నా చేతిలో పెట్టారు. "నా కార్డు మీద ఏదో ఇన్సూరెన్స్ మొదలైందట సార్. క్యాన్సిల్ చేయాలంటే కోడ్ చెప్పమన్నారు, చెప్పేశాను" అన్నారు. మెసేజ్ తెరిచాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబితే ఇదీ: మీ కార్డు మీద ఫలానా షాపింగ్ సైట్లో 38,490 రూపాయల చెల్లింపు కోసం ఓటీపీ ఇది, ఎవరికీ చెప్పవద్దు. ఆ వాక్యం ఆవిడకు చూపించాను. రెండుసార్లు చదువుకుని, "ఇది ఇందులోనే ఉందా సార్?" అని అడిగారు.

ఆవిడకు ఇంగ్లీషు బాగా వచ్చు. కానీ ఫోను పైభాగంలో ఆరంకెలు, పక్కనే కాపీ బటన్ కనిపిస్తే మెసేజ్ తెరవాల్సిన అవసరం ఎవరికి వస్తుంది? పైగా అవతలివాడు ఊపిరి తిప్పుకోనివ్వకుండా మాట్లాడుతూనే ఉన్నాడు.

కాబట్టి ముందు చేయాల్సింది ఫోన్ కాల్ కట్ చేయడం. లైన్లో మనిషి ఉండగా ఓటీపీ మెసేజ్ చదవొద్దు, టెన్షన్‌లో కళ్లు అంకెల దగ్గరే ఆగిపోతాయి. కాల్ పెట్టేశాక మెసేజ్ తెరవండి. ఎంత డబ్బు? ఎవరికి వెళ్తోంది? ఏ కార్డు మీద? ఈ మూడూ వెతకండి. ఇంగ్లీషు రానివాళ్లకు కూడా ఇది కష్టం కాదు, అంకెలు అందరికీ తెలుసు కదా. ఓటీపీ కాకుండా మరో అంకె, దాని ముందు రూపాయి గుర్తో, ఆర్ఎస్ అనో, ఐఎన్ఆర్ అనో ఉంటే అది మీ ఖాతాలోంచి పోబోయే మొత్తం. మీరు ఏమీ కొనకుండా ఆ అంకె కనిపించిందంటే అవతల ఎవరో మీ కార్డు నంబరు పట్టుకుని కూర్చున్నారని అర్థం. వెంటనే యాప్‌లో కార్డు బ్లాక్ చేయండి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. "మెసేజ్ బ్యాంకు పేరుతోనే వచ్చింది, కాబట్టి ఫోన్ చేసినవాడు కూడా బ్యాంకువాడే" అనుకుంటారు. మెసేజ్ నిజంగా బ్యాంకుదే. దొంగ మీ కార్డు వివరాలు సైట్లో కొట్టగానే బ్యాంకు తన పని తాను చేసి మీకు ఓటీపీ పంపింది. అది మీ చేతికి వచ్చిందని ఫోన్ చేసినవాడికి తెలుసు, ఎందుకంటే దాన్ని రప్పించింది వాడే. మెసేజ్ అసలైనదైనంత మాత్రాన మనిషి అసలైనవాడు కాడు.

ఎంత డబ్బో రాసి ఉన్న ఓటీపీ కంటే అసలు ఏ మొత్తమూ లేని ఓటీపీని చూసి నేను ఎక్కువ భయపడతాను. మొత్తం ఉంటే పోయేది ఆ ఒక్క చెల్లింపు. మొబైల్ బ్యాంకింగ్ రిజిస్ట్రేషన్ కోసం, కొత్త ఫోన్‌లో లాగిన్ కోసం, కొత్త వ్యక్తిని బెనిఫిషియరీగా, అంటే మన ఖాతా నుంచి డబ్బు పంపించుకునే మనిషిగా చేర్చడం కోసం, యూపీఐ పిన్ పెట్టడం కోసం వచ్చే ఓటీపీలు ఇంటి తాళంచెవి లాంటివి. ఒకసారి చెప్పేస్తే ఎంత తీయాలో అవతలివాడి ఇష్టం. రిజిస్ట్రేషన్, డివైస్, బెనిఫిషియరీ అనే మాటలు ఇంగ్లీషులో ఎలా ఉంటాయో ఒక కాగితం మీద రాసుకుని ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి. గుర్తుపడితే చాలు.

దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటి ఉంది. కొత్త ఫోన్‌లో యూపీఐ యాప్ పెట్టినప్పుడు, ఆ నంబరు మనదేనని నిరూపించడానికి మన సిమ్ నుంచి అర్థంకాని అక్షరాలతో ఒక ఎస్ఎంఎస్ వెళ్తుంది. దొంగ ఆ గజిబిజి మెసేజ్‌ని మీకు పంపి, "దీన్ని ఈ నంబరుకు ఫార్వర్డ్ చేయండి, కేవైసీ అయిపోతుంది" అంటాడు. పంపారంటే మీ నంబరు వాడి ఫోన్‌లోని యాప్‌కు ముడిపడుతుంది. మీరు ఏ కోడూ చెప్పలేదు కాబట్టి ఏమీ కాలేదనే అనుకుంటారు. అర్థంకాని ఎస్ఎంఎస్‌ని ఎవరు అడిగినా ఎవరికీ పంపొద్దు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన విదేశీ లావాదేవీల సంగతి. మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు కార్డు వివరాలతో పాటు ఓటీపీ లాంటి రెండో ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009లోనే తప్పనిసరి చేసింది. విదేశీ సైట్లు చాలావరకు అది అడగవు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకాల ఉన్న మూడంకెలు చాలు, డబ్బు కట్ అయిపోతుంది. చదవడానికి ఓటీపీ మెసేజే రాదు, డబ్బు పోయాక వచ్చే మెసేజ్ తప్ప. ఈ పాఠం పనిచేయని చోట కాపాడేది కిందటి పాఠమే.

చట్టం మాట కూడా చెప్పాలి. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బ్యాంకు తప్పూ మీ తప్పూ లేకుండా ఎక్కడో వ్యవస్థలో జరిగిన మోసమైతే, సమాచారం అందిన 3 పనిదినాల్లో బ్యాంకుకు చెబితే మీ మీద ఏ భారమూ పడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు తెలిపేదాకా పోయినదంతా మీదే. తెలిపిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. టీచరమ్మ విషయంలో డబ్బు వెనక్కి రాలేదు. భర్తకు తెలిస్తే తిడతారేమోనని ఆవిడ రెండు రోజులు ఆగారు, ఆ రెండు రోజుల్లో ఇంకో రెండు చెల్లింపులు వెళ్లిపోయాయి. ఇంట్లోవాళ్లకు నా మనవి ఇదొక్కటే: మోసపోయినవాళ్లను ఆ గంటలో కోప్పడకండి, ముందు ఫోన్ చేయించండి.

ఈ వారం అభ్యాసం. మీ ఫోన్‌లో పాత ఓటీపీ మెసేజ్‌లు ఐదు తెరవండి. ఒక్కోదానికి ఎంత, ఎవరికి, దేనికి అని నోటుబుక్‌లో రాయండి. మొత్తం లేని ఓటీపీ ఒక్కటైనా దొరుకుతుంది, దాని కింద గీత గీయండి. తర్వాత అదే పని అమ్మతోనో, మామయ్యతోనో చేయించండి. వాళ్లు ఎక్కడ ఆగి తడుముకున్నారో గమనించండి. రేపు మోసగాడు పట్టుకునేది అక్కడే.

వచ్చే పాఠం డబ్బు కట్ అయ్యాక మొదటి గంట గురించి. సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరును, మీ కార్డు వెనకాల ఉన్న బ్యాంకు నంబరును ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.