ఇంట్లో మొక్కలు, 6వ పాఠం: కుండీ మీద తిరిగే నల్ల నుసుములు

గత పాఠంలో కుండీకి నీళ్లు ఎప్పుడు పోయాలో వేలు పెట్టి చూసి, బరువు చూసి తెలుసుకోవడం నేర్చుకున్నాం. ఈ పాఠానికి ఆ అలవాటే పునాది. అది ఇంకా చేతికి రాకపోతే ఒక వారం దాన్నే సాధన చేసి ఇటు రండి.

ఈసారి ఫంగస్ నాట్స్ సంగతి. కుండీ కదిపితే మట్టి మీంచి లేచి, ఓ చుట్టు తిరిగి మళ్లీ అక్కడే వాలే చిన్న నల్ల నుసుములు ఇవే. టీవీ చూస్తుంటే మొహం మీదికి వస్తాయి, కాఫీ కప్పులో పడతాయి. హైదరాబాద్, విజయవాడ ఫ్లాట్లలో వానాకాలంలో వీటి బెడద ఎక్కువ. అమెరికాలో, కెనడాలో ఉన్న మనవాళ్లకు మాత్రం చలికాలంలో మొదలవుతుంది, సరిగ్గా కరివేపాకు కుండీని బయటి నుంచి లోపలికి తెచ్చుకున్నాక. అందుకే ఆ కరివేపాకు కుండీనే ముందు పెట్టుకుని చెబుతాను. మనీ ప్లాంట్‌కీ, పీస్ లిల్లీకీ, తులసికీ పద్ధతి ఇదే.

ముందు గుర్తుపట్టాలి

ఇంట్లో ఎగిరే ప్రతి చిన్న పురుగూ మొక్కల నుంచి వచ్చింది కాదు. అరటిపళ్ల గెల చుట్టూ, చెత్తబుట్ట చుట్టూ తిరిగే లేత గోధుమరంగు పురుగు పండు ఈగ. అది కాస్త బొద్దుగా ఉంటుంది, కళ్లు తరచూ ఎర్రగా ఉంటాయి. బాత్రూమ్ గోడకు అంటుకుని, ఒళ్లంతా నూగుతో, రెక్కలు పరిచి కూర్చునేది డ్రెయిన్ ఫ్లై. అది పుట్టేది నీళ్లు పోయే గొట్టంలో పేరుకున్న మడ్డిలో. ఆ రెండింటికీ మొక్కల మీద మందు పోసి లాభం లేదు.

ఫంగస్ నాట్ పొడవు 2 నుంచి 4 మిల్లీమీటర్లు. సన్నటి నల్లటి ఒళ్లు, పొడుగు కాళ్లు, పొడుగు మీసాలు. సరిగ్గా ఎగరలేదు, ఎగరడం కన్నా మట్టి మీద పరిగెత్తడమే ఎక్కువ. ఒకటి జిగురు అట్టకు అంటుకుని దొరికితే ఫోన్ కెమెరాతో బాగా జూమ్ చేసి రెక్క చూడండి. రెక్క మధ్య నుంచి అంచు వైపు వెళ్లే ఈనె ఒకచోట పంగలకర్రలా రెండుగా చీలుతుంది. ఆ చీలిక కనిపించిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇవి కుట్టవు, మనుషులకు రోగాలు తేవు. ఇంట్లో పసిపిల్లలున్నారని టెన్షన్ పడేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు.

మట్టిలో ఏం జరుగుతోంది

మనకు కనిపించేది పెద్ద పురుగే. అది బతికేది వారం, పది రోజులు. ఆ కొద్ది రోజుల్లోనే ఆడపురుగు తడిమట్టి సందుల్లో 200 దాకా గుడ్లు పెట్టగలదు. కొన్ని రోజుల్లో గుడ్లు పొదిగి లార్వాలు వస్తాయి. నీళ్లలా పారదర్శకంగా ఉండే ఒళ్లు, మెరిసే నల్లటి తల, కాళ్లు ఉండవు. దాదాపు రెండు వారాలు మట్టిలోని బూజునీ, కుళ్లుతున్న ఆకునీ, నాచునీ తింటాయి. అవి చాలకపోతే సన్నటి వేరునూగు మీద పడతాయి. తర్వాత ప్యూపా దశలో, అంటే తిండి మానేసి రూపం మార్చుకునే దశలో, కొన్ని రోజులు గడిపి రెక్కలతో బయటికి వస్తాయి. 24 డిగ్రీల దగ్గర ఈ చక్రం మొత్తానికి సుమారు మూడు వారాలు పడుతుంది. చల్లటి గదిలో ఇంకా ఎక్కువ.

ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, చాలామంది ఓడిపోయేది ఇక్కడే. ఒకరోజు స్ప్రే కొడతారు, ఎగిరేవన్నీ చస్తాయి, సమస్య తీరిందనుకుంటారు. మట్టిలో ఉన్న గుడ్లకూ లార్వాలకూ ప్యూపాలకూ ఆ స్ప్రే తగలనే లేదు. నాలుగు రోజులకు మళ్లీ మొదలు. మీరు ఏ మందు వాడినా దాన్ని ఒక తరం పూర్తయ్యేదాకా, అంటే కనీసం నాలుగు వారాలు కొనసాగించాలి.

లార్వాలు ఎక్కువగా ఉండేది పైన రెండు మూడు అంగుళాల మట్టిలోనే. ఆ పొర ఎప్పుడూ తడిగా ఉంటేనే అవి బతుకుతాయి. కాబట్టి మన పని ముఖ్యంగా ఆ పొరతోనే.

బంగాళాదుంప పరీక్ష

పచ్చి బంగాళాదుంపను సెంటీమీటరు మందంలో చక్రంలా కోయండి. మట్టి మీద పడిన ఎండాకులు తీసేసి, ఆ ముక్కను మట్టికి గట్టిగా ఆనేలా అదిమి పెట్టండి. రెండు రోజుల తర్వాత తిరగేసి టార్చ్ వెలుతురులో చూడండి. నల్లటి తలలున్న తెల్లటి సన్న పురుగులు ముక్కకు అంటుకునో, దాని కింద మట్టిలోనో మెల్లగా కదులుతుంటాయి. తెల్లగా చుక్కల్లా ఉండి, తాకగానే గెంతేవి వేరే జీవులు, స్ప్రింగ్‌టెయిల్స్. వాటిని వదిలేయండి, వాటివల్ల మొక్కకు నష్టమేమీ లేదు.

ప్రతి కుండీలో ఒక్కో ముక్క పెట్టి చూడండి. మామూలుగా అన్ని కుండీల్లోనూ ఉండవు. ఒకటి రెండు కుండీలే పుట్టిల్లుగా మారతాయి, మిగతావాటి మీద ఎగిరేవన్నీ అక్కడి నుంచి వచ్చినవే. ఆ కుండీ ఏదో తెలిస్తే సగం పని తగ్గినట్టే. ముక్కను దానికి పట్టిన లార్వాలతో సహా కవర్లో కట్టి బయట పారేయండి, కిచెన్ కంపోస్ట్ డబ్బాలో వేయకండి.

కరివేపాకు కుండీ ఎందుకు దొరికిపోతుంది

రాత్రి చలి 10 డిగ్రీల దగ్గరికి దిగగానే కుండీ లోపలికి తెస్తాం. లోపల వెలుతురు తక్కువ, మొక్క ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది, ఆకులు రాలుస్తుంది. అది తాగే నీళ్లు బాగా తగ్గిపోతాయి. మనకేమో ఆకు రాలుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది, దాహమేమో అనుకుని ఇంకాస్త పోస్తాం. పైమట్టి ఆరే అవకాశమే ఉండదు. రాలిన ఆకు అక్కడే కుళ్లుతుంది. దానికి తోడు బియ్యం కడిగిన నీళ్లు, పుల్లమజ్జిగ, టీ పిప్పి. మిద్దెతోటలో ఎండకూ గాలికీ ఉన్న కుండీకి ఇవి బాగానే పనిచేస్తాయి. హీటర్ ఉన్న గదిలో, ఎండ తగలని మూలన ఉన్న కుండీకి పోస్తే బూజు పెరుగుతుంది, ఆ బూజే నాట్స్‌కు తిండి. ఇంట్లో ఉన్నన్నాళ్లూ కరివేపాకుకు మామూలు నీళ్లు తప్ప మరేదీ పోయకండి. ఈ విషయంలో నేను మొహమాటపడను.

నాలుగు వారాల పని

మొదటి రోజు పైన అంగుళం మట్టిని చెంచాతో గీరి తీసి, కవర్లో మూటకట్టి పారేయండి. రాలిన ఆకులన్నీ ఏరేయండి. కుండీ కింద పళ్లెంలో నీళ్లుంటే ఒంపేయండి. అడుగు రంధ్రాల దగ్గర తడి ఉన్నా ఇవి అక్కడా గుడ్లు పెడతాయి.

తర్వాత మట్టిని ఆరనివ్వాలి. కరివేపాకు దీన్ని బాగా తట్టుకుంటుంది. వేలు రెండు కణుపుల లోతుకు దించినా తడి తగలకూడదు, కుండీ ఎత్తితే తేలిగ్గా అనిపించాలి. అప్పుడే నీళ్లు. పోసినప్పుడు మాత్రం నిండుగా పోసి, అరగంటలో పళ్లెం ఖాళీ చేయండి. రోజూ గ్లాసుడు పోయడమే అన్నిటికన్నా చెడ్డది, పైపొరను తడిపి వేళ్లను ఎండబెడుతుంది.

పసుపు జిగురు అట్టలు మన మిరప, పత్తి రైతులకు బాగా తెలిసినవే. తెల్లదోమ కోసం పొలంలో నిలబెడతారు. ఇంట్లో వీటిని నిలబెట్టకుండా మట్టికి దగ్గరగా పడుకోబెట్టి పెడితే ఫంగస్ నాట్స్ ఎక్కువగా పడతాయి. అట్టలు దొరక్కపోతే పసుపు ప్లాస్టిక్ ముక్కకు ఆముదం పూయండి. అయితే అట్ట పట్టేది పెద్ద పురుగుల్నే. వాటిలో చాలా ఆడపురుగులు అప్పటికే గుడ్లు పెట్టేసి ఉంటాయి. అందుకే అట్టను కొలబద్దలా వాడండి. దాని మీద తేదీ రాసి, వారానికోసారి లెక్కపెట్టి మార్చండి.

అసలు మందు బీటీఐ. పూర్తి పేరు బాసిల్లస్ థురింజియెన్సిస్ ఇస్రాయెలెన్సిస్. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో కనుగొన్న బ్యాక్టీరియా ఇది. దీనిలోని ప్రొటీన్ స్ఫటికాలను లార్వా మింగితే దాని పేగు పాడై చస్తుంది. మనుషులకూ, పెంపుడు జంతువులకూ, వానపాములకూ హాని చేయదు. కొనేటప్పుడు లేబుల్ మీద ఇస్రాయెలెన్సిస్ అనే మాట చూసుకోండి. మన దగ్గర ఎరువుల దుకాణాల్లో బీటీ అని అడిగితే ఎక్కువగా ఇచ్చేది అదే బ్యాక్టీరియాలో కుర్‌స్టాకీ అనే మరో రకం. అది గొంగళిపురుగులకు, ఫంగస్ నాట్స్‌కు పనికిరాదు. అమెరికాలో బీటీఐ మస్కిటో బిట్స్ పేరుతో గింజల్లా దొరుకుతుంది. గాలన్ నీళ్లకు నాలుగు టేబుల్ స్పూన్లు వేసి, అరగంట నానబెట్టి, వడకట్టి, ఆ నీళ్లు పోయాలి. వేరే కంపెనీదైతే దాని లేబుల్ ప్రకారం కలపండి.

మట్టిలో దీని ప్రభావం కొద్ది రోజులే. గుడ్ల మీదా ప్యూపాల మీదా అసలు పనిచేయదు. అందుకే వారానికోసారి, నాలుగు వారాలు. ఒక చిక్కుంది: మట్టి ఆరబెట్టమన్నాను, మళ్లీ వారం వారం మందునీళ్లు పోయమంటున్నాను. మొక్కకు నీళ్లు అవసరమైన రోజున మామూలు నీళ్లకు బదులు ఇవే పోయండి. ఆ వారం మట్టి ఇంకా ఆరకపోతే పైపొర తడిసేంత మాత్రం పోసి ఊరుకోండి.

మొదటి వారం అట్ట మీద పురుగులు తగ్గకపోవచ్చు, పెరగనూ వచ్చు. అప్పటికే ప్యూపాలుగా ఉన్నవి బయటికి వస్తున్నాయంతే. కంగారుపడి మందు మార్చకండి. మూడో వారానికి లెక్క బాగా పడిపోవాలి. పడకపోతే మీరు చూడని తడి ఎక్కడో ఉంది: మూత తెరిచిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) సంచి, బాల్కనీలో సగం మాగిన కంపోస్ట్, సోఫా వెనక మరిచిపోయిన కుండీ.

వేపనూనె కూడా లార్వాల మీద పనిచేస్తుంది. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు కలిపి మట్టిలో పోయొచ్చు. మూసి ఉన్న గదిలో ఆ వాసన భరించగలిగితే సరే. వెనిగర్ గిన్నె పండు ఈగలకు బాగుంటుంది గానీ వీటికి అంతగా కాదు. దాల్చినచెక్క పొడి మీద నాకు నమ్మకం లేదు.

నారు ఉన్నవాళ్లకు

టమాటా, వంగ, మిరప నారు ట్రేలను ఆరబెడితే మొక్కలే చస్తాయి. లేత వేళ్లు కాబట్టి నష్టం కూడా ఇక్కడే ఎక్కువ. పైగా ఈ పురుగులు నారుకుళ్లు తెగులు తెచ్చే శిలీంధ్రాలను ఒక ట్రే నుంచి మరో ట్రేకి మోస్తాయి. అందుకని నారు పోసిన రోజు నుంచే బీటీఐ నీళ్లు వాడండి, ట్రేలకు గాలి తగలనివ్వండి. కోకోపీట్ ఇటుకను మరిగే నీళ్లలో నానబెట్టి, చల్లారాక వాడితే ముందే ఉన్న గుడ్లు పోతాయి.

అభ్యాసం

ఇంట్లో ఉన్న ప్రతి కుండీకీ బంగాళాదుంప పరీక్ష చేయండి. ఏ కుండీలో లార్వాలు కనిపించాయో, దానికి చివరిసారి నీళ్లు ఎప్పుడు పోశారో నోట్‌బుక్‌లో రాయండి. వారం వారం అట్ట లెక్క దాని పక్కనే రాస్తూ పోండి. కొత్త మొక్క కొన్నా, బయటి కుండీ లోపలికి తెచ్చినా, మూడు వారాలు వేరే గదిలో అట్ట పెట్టి ఉంచి, ఏమీ పడకపోతేనే మిగతావాటి పక్కన చేర్చండి.

7వ పాఠం కరివేపాకు కాండానికి అంటుకునే పొలుసు పురుగుల గురించి. దానికి ఒక పాత టూత్‌బ్రష్, కాస్త సబ్బునీళ్లు సిద్ధంగా పెట్టుకోండి.