తోలు తయారీ – ఏడవ పాఠం: కొవ్వు పట్టించడంలో తేమ లెక్క

క్రోమ్ తోలుకు, అంటే క్రోమియం లవణాలతో పదును చేసిన తోలుకు, కొవ్వు పట్టించే విధానాన్ని ఈ పాఠంలో మొదలుపెడతానని గతసారి రాశాను. దానిని వచ్చే పాఠానికి జరపవలసి వస్తోంది. ఆరవ పాఠం చదివి, బెరడు కషాయంతో పదును చేసిన తోలుకు డబ్బిన్ (పశువుల కొవ్వు, చేప నూనె కలిపిన మిశ్రమం) పూసినవారిలో చాలామందికి అది లోపలికి దిగలేదు. కొందరికి కొవ్వు పైపైనే జిడ్డుగా మిగిలింది. కొందరికి తోలు ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా తేలింది. మరికొందరికి కొవ్వంతా ఇంకినట్టే కనిపించినా, ఆరిన తరువాత వంచి చూస్తే పైపొర చిట్లింది. వీరందరూ అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: పశువుల కొవ్వు ఎంత, చేప నూనె ఎంత అనే పాళ్లు మార్చాలా? మార్చనక్కరలేదు. ఈ మూడు తేడాలూ కొవ్వు పాళ్ల వల్ల వచ్చినవి కావు, చాలావరకు తోలులో ఉన్న నీటి వల్ల వచ్చినవి.

తడి తోలులో పోగుల మధ్యనున్న సందులను నీరు నింపి, ఆ పోగులను ఒకదానికొకటి అంటకుండా ఎడంగా ఉంచుతుంది. నీరు ఆవిరై వెలుపలికి పోతున్నకొద్దీ, పైన కొవ్వు సిద్ధంగా ఉంటే, ఖాళీ అవుతున్న సన్నని సందులలోకి అది నెమ్మదిగా దిగి పోగులకు పూతగా పడుతుంది. కొవ్వు లేకుండానే నీరు పోతే పోగులు దగ్గరికి చేరి అతుక్కుంటాయి, తోలు అట్టలా బిగుసుకుంటుంది. ఆ తరువాత ఎంత కొవ్వు పూసినా అది పైపొరలోనే తిరుగుతుంది తప్ప మధ్యకు చేరదు. పోనీ నీరు మరీ ఎక్కువగా ఉంటే సందులన్నీ నిండి ఉండి కొవ్వుకు చోటు దొరకదు, చేతికింద జారుతుంది, పూత ఎక్కడికక్కడ ముద్దకడుతుంది. తోలు మొత్తం బరువులో నీరు సుమారు 40 నుంచి 45 శాతం ఉన్నప్పుడు పూత మొదలుపెట్టాలి. ఇంతవరకు గత పాఠంలో ఉన్నదే.

చాలామంది ఇక్కడే చేసిన పని ఒకటి నాకు మహా చిరాకు కలిగించింది, కనుక దానిని గురించి కాస్త ఎక్కువగానే చెబుతాను. ఆరిన తోలును బల్లమీద పరచి, స్పాంజితో పైన నీరు అద్ది, రంగు ముదరగానే తడిసిందనుకొని వెంటనే కొవ్వు పూశారు. రంగు ముదరడం పైపొర తడిసిందనడానికి గుర్తు, అంతే. నాలుగు మిల్లీమీటర్ల మందం గల తోలులో పైన ఒక పలచని పొర, కింద ఒక పలచని పొర తడిసి, మధ్యభాగం పొడిగానే ఉండవచ్చు. అలాంటి తోలుకు పూసిన కొవ్వు ఆ తడి పొరల్లోనే ఆగిపోతుంది. పైన మెత్తగా, లోపల పెళుసుగా ఉన్న తోలును వంచినప్పుడు చిట్లక ఏమవుతుంది? కొవ్వు ఇంకిందని నమ్మినవారికి పైపొర పగలడానికి కారణం ఇదే. నమ్మకం కుదరకపోతే ఆ తోలు అంచును పదునైన కత్తితో ఏటవాలుగా కోసి, కోతను వెలుతురులో చూడండి. రెండు ముదురు గీతల నడుమ లేతరంగు పట్టీ ఒకటి కనిపిస్తుంది. కొవ్వు అందని చోటు అదే.

కాబట్టి తోలును నీటిలో పూర్తిగా ముంచాలి. ముంచినప్పుడు బుడగలు రావడం ఆగేవరకు ఉంచి, తీసి, నీరు కారిపోనిచ్చి, మడిచి తడిగుడ్డలో చుట్టి రాత్రంతా వదిలేయాలి. అలా వదిలితేనే పైన ఎక్కువైన నీరు లోపలికి, లోపల తక్కువైన చోటికి సర్దుకుంటుంది. ఈ రాత్రి విరామాన్ని దాటవేయడానికి అడ్డదారి లేదు, వెతకవద్దు. మర్నాడు నీడలో గాలికి వేలాడదీసి, అంచులు ముందుగా ఆరిపోకుండా మధ్యమధ్య తిప్పుతూ, తేమ తగ్గించాలి. అంచు ఆరిపోతే అక్కడ మాత్రమే తడిగుడ్డ వేయండి.

తేమ చాలినంత తగ్గిందో లేదో తెలుసుకోవడానికి చేతి పరీక్ష ఒకటి ఉంది. తోలును పైవైపు (వెంట్రుకలు ఉండిన వైపు) వెలుపలికి వచ్చేలా మడిచి, మడతను రెండు వేళ్లతో గట్టిగా నొక్కాలి. నీటి బొట్లు పుడితే ఇంకా ఆరాలి. బొట్టు పుట్టకుండా మడత దగ్గర తేమ మెరుపు తొంగిచూసి, వదలగానే పోతే సమయం వచ్చినట్టు. అలవాటైనవారికి ఇది చాలు. కొత్తవారు మాత్రం త్రాసును నమ్మడం మేలు. గాలికి ఆరిన తోలులో కూడా దాదాపు 15 శాతం నీరు ఉంటుందన్న సంగతి ఇక్కడ మరచిపోకూడదు. ముక్క బరువు 500 గ్రాములైతే అందులో అసలు తోలు 425 గ్రాములే. దానిలో నీరు 40 శాతం కావాలంటే మొత్తం బరువు 708 గ్రాములు, 45 శాతం కావాలంటే 773 గ్రాములు రావాలి. అంటే తడిసిన ముక్క ఆరుతూ ఆరుతూ 710, 770 గ్రాముల మధ్యకు దిగినప్పుడు పూత పూయాలి. 500 గ్రాములకు 40 శాతం 200 అని లెక్కకట్టి 700 దగ్గర ఆపినవారు గమ్యానికి దగ్గరలోనే ఉన్నారు గాని, అదే లెక్కతో 45 శాతానికి 725 అని రాసుకున్నవారు 48 గ్రాములు తక్కువగా ఆగారు. శాతం దేనిమీద కట్టాలో ముందు చూసుకోండి: ఇక్కడ అది నీటితో కలిపిన మొత్తం బరువు మీద.

కొవ్వు దిగడం లేదని దానిని బాగా కాచి పోసినవారూ ఉన్నారు. బెరడు కషాయపు తోలు తడిగా ఉన్నప్పుడు సుమారు 70 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ మధ్యనే ముడుచుకుపోతుంది. ఒకసారి ముడుచుకున్న తోలు తిరిగి సాగదు, గట్టిపడి విరుగుతుంది. వేడి కొవ్వులో ముంచే పద్ధతి నిజంగానే ఉంది, కాని అది నీరంతా పోగొట్టిన తోలుకు, పొడిగా ఉన్నప్పుడు అది ఎక్కువ వేడిని తట్టుకుంటుంది కనుక. తడి తోలు, మరిగే కొవ్వు ఒకచోట కలవకూడదు. చేతితో పూసేటప్పుడు మిశ్రమం వెన్నలాగా పరచుకునేంత గోరువెచ్చగా ఉంటే సరిపోతుంది.

మిశ్రమానికి నేను వాడేది పశువుల కొవ్వు, చేప నూనె సమపాళ్లు, తూకం వేసి. చలికాలంలో నూనె కాస్త ఎక్కువ, ఎండలు ముదిరినప్పుడు కొవ్వు కాస్త ఎక్కువ వేస్తాను. నూనె ఒక్కటే వాడితే వేగంగా దిగి తోలును వదులుగా, జిడ్డుగా చేస్తుంది. కొవ్వు ఒక్కటే అయితే చల్లారి పైనే గడ్డకడుతుంది. రెండూ కలిసి ఉన్నప్పుడు ద్రవభాగం లోపలికి పోతూ, కరిగే స్థానం ఎక్కువగా ఉన్న గట్టిభాగం కొంత పైన పెచ్చుగా మిగులుతుంది. ఆ పెచ్చును చూసి మిశ్రమం వృథా అయిందని బాధపడినవారు ఊరట చెందవచ్చు, అది మిగలవలసిందే. పూర్తిగా ఆరిన తరువాత ఇత్తడి బద్దతోగాని గాజు బద్దతోగాని గీకి తీసేయాలి. ఇనుప బద్ద వాడకండి. కషాయంలోని టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసి, తోలులో తేమ ఉన్నచోట నల్లని మరక పుడుతుంది, నల్లమచ్చల ఫిర్యాదులలో కొన్ని ఈ కోవకు చెందినవే. అవిసె నూనె నాకు అసలు పనికిరాదు. గాలికి గట్టిపడి పొరకట్టే నూనె అది, నిగనిగలాడే పూత తోలుకు పైన వేయడానికి తగును గాని లోపల మెత్తదనానికి తగదు.

పూత మాంసం వైపు దట్టంగా, పైవైపు పలచగా ఉండాలి. పొట్ట భాగంలో పోగులు వదులుగా అల్లుకొని ఉంటాయి కనుక అక్కడ కొవ్వు అడిగినంతా తాగుతుంది; వెన్ను భాగం అలా కాదు. ఒకే మందంలో పూస్తే పొట్ట నల్లగా, వెన్ను లేతగా తేలక తప్పదు, అందువల్ల పొట్టకు సగం పూత చాలు. సామాను పట్టీలకు, గుర్రపు జీనులకు తోలు బరువులో 20 శాతానికి పైగా కొవ్వు పట్టించవచ్చు. చెప్పుల అడుగుతోలుకు రెండు మూడు శాతం మించితే నష్టమే. పట్టీల తోలుకు మీరు 15 శాతంతో మొదలుపెట్టండి.

ఇక కొవ్వు పట్టించిన తోలుమీద కొన్నిసార్లు కనిపించే తెల్లపొడి సంగతి. ఒకరిద్దరు దానిని బూజనుకొని తోలును పారేయబోయారు. కొవ్వులోని గట్టి ఆమ్లాలు, ముఖ్యంగా స్టియరిక్, పామిటిక్ ఆమ్లాలు, చల్లదనానికి పైకి వచ్చి పొడిగా పేరుకుంటాయి. వెచ్చని గాలి తగిలిస్తే కరిగి మాయమవుతుంది, చల్లబడ్డాక మళ్లీ రావచ్చు. బూజు వేడికి కరగదు, ముక్కిన వాసన వేస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే పోయి, వేడికి ఏమాత్రం కరగనిది ఉప్పు. మూడింటికీ చికిత్స వేరు కనుక ముందు వేడి పరీక్ష చేయండి. కొవ్వుపొడి అయితే వెచ్చచేసి తుడిచి, మరుసటి మిశ్రమంలో కొవ్వు తగ్గించి నూనె పెంచండి. తోలు బలానికి దానివల్ల లోటు లేదు. పాతబడి కంపుపట్టిన కొవ్వు వాడితే మాత్రం ఆమ్లం ఎక్కువై ఇత్తడి కట్లచుట్టూ ఆకుపచ్చని మడ్డి కడుతుంది.

క్రోమ్ తోలుకు ఇదే డబ్బిన్ పూయవచ్చునా అని అడిగినవారికి: ఇప్పుడు వద్దు. దానికి నూనెను నీటిలో పాలలా విరవకుండా కలిపి, 50 నుంచి 60 డిగ్రీల వేడిలో డ్రమ్ములో తిప్పుతూ పట్టిస్తారు. దానికిముందు తోలులోని ఆమ్లాన్ని పి.హెచ్. (ఆమ్లతను తెలిపే కొలత) 5 దగ్గరకు వచ్చేలా తగ్గించాలి; లేకపోతే ఆ పాలు పైపొరమీదే విరిగి నూనె అక్కడే పేరుకుంటుంది. వచ్చే పాఠంలో వివరంగా చూద్దాం. అప్పటివరకు మీ క్రోమ్ తోలును ఆరనివ్వకండి. కొవ్వు పట్టకముందు ఒకసారి ఆరిన క్రోమ్ తోలు మళ్లీ సరిగా తడవదు.

అభ్యాసం. ఒకే తోలు వెన్నుభాగం నుంచి గాలికి ఆరినప్పుడు 100 గ్రాములు తూగే పట్టీలు మూడు కోయండి. మొదటిదానిని పొడిగానే ఉంచండి. రెండవదానిని ముంచి, రాత్రంతా చుట్టి ఉంచి, 145 గ్రాములకు ఆరనివ్వండి. మూడవదానిని 195 గ్రాములకు తగ్గకుండా తడిగా ఉంచండి. ఒక్కొక్కదానికి 15 గ్రాముల మిశ్రమం తూచి పూయండి, చేతికి అంటుకున్నదానిని కూడా తూచి తీసివేయండి. నీడలో వేలాడదీసి, రోజూ ఉదయం ఒకే వేళకు తూచి రాయండి. వరుసగా రెండు రోజులు బరువు మారకపోతే ఆరినట్టు. పెచ్చు గీకి, గీకినదానిని విడిగా తూచండి. పట్టీ పెరిగిన బరువుకు గీకిన బరువు కలిపితే పూసిన బరువుకు దగ్గరగా రావాలి, కొద్దిపాటి తేడా గాలిలోని తేమది. తరువాత ప్రతి పట్టీని అడ్డంగా కోసి, కోతలో ముదురురంగు ఎంత లోతుకు పోయిందో మిల్లీమీటర్లలో కొలిచి రాయండి. వీలైతే కొవ్వు పూయని సన్నని ముక్క ఒకటి నీటిలో వేలాడదీసి, ఉష్ణమాపకం పక్కన పెట్టి, నీటిని నెమ్మదిగా వేడిచేసి, ముక్క ఏ డిగ్రీ దగ్గర ముడుచుకోవడం మొదలుపెట్టిందో కూడా చూడండి. ఆ అంకె మీ తోలుకే ప్రత్యేకం, తరువాతి పాఠంలో దానితో పని ఉంటుంది.